ఖాళీ ఇంటి ముందు ముగ్గు

డేటా అంటే బంగారమని ఎక్కడో ఏదో సభలో ఎవరో పెద్దాయన అన్నాడట. అన్నాయన అనేసి, కాఫీ తాగి ఇంటికి పోయాడు. విన్నవాళ్లు పోలేదు. బంగారమైతే బీరువాలో పెట్టుకోవాలి గానీ గేటుకి వేలాడదీయడమేమిటని వాళ్లకి పట్టుకుంది. దాంతో మా కోటిపాలెంలో ‘ఈ ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డులన్నీ ఒక్క పూటలో మాయమయ్యాయి. వ్యాను వచ్చింది, మనుషులు దిగారు, బోర్డులు పీకారు, వ్యాన్లో వేసుకుని పైన టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించి మరీ పట్టుకుపోయారు. దారిలో ఎవరైనా చదివేస్తారని టార్పాలిన్.

నేను ఇళ్ల బ్రోకర్ని. పేరు మట్టపర్తి అబ్బులు. మీసాలు మొలిచినప్పటి నుంచీ ఇదే పని. కాలవకి ఇటూ అటూ ఏ వాటా ఖాళీ అవుతుందో, అందులో కాపురం ఉన్నవాళ్లకంటే ముందు నాకు తెలిసేది. ఇందులో మంత్రమేమీ లేదు. పొద్దున్నే సైకిలేసుకుని వీధుల్లో ఒక చుట్టు చుట్టొస్తే గుమ్మాలే చెబుతాయి. ముగ్గు లేదంటే ఇల్లు ఖాళీ. ముగ్గుండి అది వంకరటింకరగా ఉందంటే ఇల్లాలు పుట్టింటికెళ్లింది, మొగుడు వేశాడు. అలాంటి గుమ్మం మీద ఆశ పెట్టుకోకూడదు. బ్రోకరన్నవాడికి ఇదే చదువు, ఇదే డిగ్రీ.

బోర్డులు పోయిన మర్నాడు దండోరా వేశారు. జిల్లా గృహ సమాచార సంరక్షణ మండలి అని ఒకటి వెలిసిందట. ఇళ్లున్నవాళ్లు ఖాళీల సంగతి మండలి కంప్యూటరుకి అప్పగించాలట. ఆ లిస్టు చూసే హక్కు మండలి ఆమోదించిన ఏజెంటుకి మాత్రమే ఉంటుందట. మండలి ఇచ్చే ఏజెంటు కార్డు లేకుండా ఫలానా ఇల్లు ఖాళీ అని ఎవరికైనా తెలిస్తే, వాళ్లు ‘అనధికార సమాచార ధారకులు’ అవుతారట. పోనీలే, ఒక కార్డే కదా, తెచ్చుకుందాం అనుకున్నాను. నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి.

సరిగ్గా ఆ వారమే మా ఇంటాయన కామరాజు మాస్టారు మా వాటాలోకి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా నిలబడ్డారు. అద్దెవాళ్ల ఇంట్లో ఇంటాయన కూర్చోలేదంటే సంగతి మంచిది కాదు.

“అబ్బులూ, మా అమ్మాయి పురిటికొస్తోందయ్యా. మాకు నీ వాటా కావాలి. శుక్రమూఢం వచ్చేస్తోంది కదా, ఈలోగా నువ్వెక్కడో పాలు పొంగించేసుకో. ఊరందరికీ ఇళ్లు చూపించేవాడివి, నీకేం కష్టం?”

“దానికేం భాగ్యమండీ,” అన్నాను ధీమాగా.

లోపల మా ఆవిడ మంగతాయారు గరిటె టంగున పెట్టింది. మూఢం వచ్చేసిందంటే శుభకార్యాలు లేవు, కొత్త గడపలో కుడికాలు పెట్టడం లేదు. ఆపైన మూఢం వెళ్లేదాకా సామాను నెత్తినెట్టుకుని ఎవరి అరుగు మీద పడుకుంటాం? అందుకని అదే రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని మండలి ఆఫీసుకి వెళ్లాను.

మండలి సంరక్షణాధికారి తేజోమూర్తి గారు. బంగారు ఫ్రేము కళ్లజోడు, మెడలో తాడు, తాడుకి కార్డు, కార్డు మీద మళ్లీ ఆయనే. మాట్లాడే ముందు కళ్లు మూసుకుంటారు.

“తమరి వద్ద ప్రస్తుతం ఏ మేరకు గృహ సమాచారం నిల్వ ఉన్నది?”

“ఊరంతా ఉందండి,” అన్నాను గర్వంగా. “కొత్తపేట చివర డాబాతో మొదలెట్టి లాకుల దాకా, ఏ ఇంట్లో కుళాయి కారుతుందో కూడా చెప్పేస్తానండి.”

ఆయన కళ్లు తెరిచారు. “దీన్ని నేరాంగీకారంగా నమోదు చేయవలసి ఉంటుంది. అయితే మండలి దయార్ద్రమైనది. తమరు నిల్వ సమాచారాన్ని స్వచ్ఛందంగా సమర్పించినచో, దరఖాస్తు పరిశీలించగలం.”

సమర్పించాను. గుమస్తా ఎదురుగా కూర్చుని, వీధి వీధీ, ఇల్లిల్లూ, నోరు ఎండిపోయేదాకా చెప్పాను. ఆయన రాసుకుని, నా చేత సంతకం పెట్టించుకుని, సీలు కొట్టాడు. అయిపోయింది కదా అని లేవబోయాను.

“ఇప్పుడు కాలవ వీధిలో మూడంతస్తుల మేడ ఎవరిది?” అన్నారు తేజోమూర్తి గారు, గుమ్మం దగ్గర ఆపి.

“రైసుమిల్లు చిట్టెయ్యగారిదండి.”

ఆయన మొహం మాడిపోయింది. “ఇప్పుడే కదా సమర్పించారు! ఇంకా తమరి వద్ద ఎలా ఉన్నది?”

“చెప్పినంత మాత్రాన పోద్దేటండీ? గుర్తుంటాది కదండీ!”

“గొడుగు సమర్పిస్తే గొడుగు తమరి వద్ద ఉండదు. సమాచారం సమర్పించాక కూడా ఉన్నదంటే, తమరు పూర్తిగా సమర్పించలేదని అర్థం. ఆమోదిత ఏజెంటుకు పూర్వజ్ఞానం ఉండరాదు. ఉంటే, లిస్టులోంచి తెలుసుకున్నారో బుర్రలోంచి తెలుసుకున్నారో మండలి ఎలా నిర్ధారిస్తుంది? ముందు జ్ఞానం పోవాలి. పోయినట్టు పరీక్షలో రుజువు కావాలి. ఈలోగా కొత్తగా ఒక్క ఇంటి సంగతి చెవిన పడినా, జీవితకాలం అనర్హులు.”

అలా నన్ను విస్మరణ శిక్షణలో చేర్పించారు. ఊళ్లో బ్రోకర్లందరం అక్కడే ఉన్నాం. గోడ మీద ఇళ్ల బొమ్మలు వేస్తారు. మేమంతా ఒక్క గొంతుతో “ఏమో” అనాలి. భోజనాల తర్వాత కళ్లు మూసుకుని, మాకు తెలిసిన ఇళ్లను ఒక్కొక్కటిగా మనసులో కూలగొట్టుకోవాలి. పక్కనున్న బుల్లబ్బాయి నాలుగు వీధులు కూలగొట్టి గుర్రు పెట్టి నిద్రపోయాడు. ఆయనకి ప్రశంసాపత్రం ఇచ్చారు. నేను కూలగొట్టిన ఇల్లల్లా పునాదులతో సహా మళ్లీ లేచేది, పైగా ఈసారి సున్నం కొట్టి ఉండేది.

వీధిలో ఇంకో బాధ. ఎవరైనా ఎదురుపడి “అబ్బులుగారండోయ్, మా పక్క వాటా...” అంటే చాలు, చెవులు మూసుకుని పరుగు. సైకిలు తొక్కుతూ రెండు చెవులు మూసుకోవడం కుదరదు కనక ఓసారి మురిక్కాలవలో పడ్డాను. తర్వాత దూది పెట్టుకోవడం మొదలెట్టాను. జనం నాకు చెవుడొచ్చిందని జాలిపడి, మరింత గట్టిగా అరిచి చెప్పబోయేవారు.

ఇంతలో మండలికి ముగ్గుల సంగతి తెలిసింది. నేనే చెప్పాను ఖర్మ, సమర్పణలో. ముగ్గు లేని గుమ్మం ఖాళీ ఇంటికి గుర్తని విని తేజోమూర్తి గారు అదిరిపడ్డారట. బోర్డులు పీకించాం సరే, ఊళ్లో ప్రతి ఖాళీ గుమ్మమూ పొద్దున్నే సమాచారం కక్కేస్తోందే! వెంటనే ఉత్తర్వు వచ్చింది: ఖాళీ ఇళ్ల ముందు మండలి ఖర్చుతో ముగ్గులు వేయించవలెను. ఆ పనికి మనుషులు కావాలన్నారు. మంచి చెయ్యి, తెల్లారకుండా లేచే అలవాటు ఉండాలన్నారు. నేను శిక్షణలో కళ్లు మూసుకుని ఇళ్లు కూలగొడుతుండగా, మా మంగతాయారు వెళ్లి ఆ ఉద్యోగం సంపాదించుకుంది.

తర్వాత ఎవరో కనిపెట్టారు, పాలవాడికి కూడా తెలిసిపోతుందని. ఇల్లు ఖాళీ అయితే పాలు మానేస్తారుగా. కనక ఖాళీ ఇళ్లకి కూడా పాలప్యాకెట్టు వెయ్యాలన్నారు. ఊళ్లో పిల్లులు బలిసి గోడెక్కలేని స్థితికి వచ్చాయి. చీకటి పడగానే ఖాళీ ఇళ్లలో లైట్లు వెయ్యడానికి ఒక విభాగం, ఉదయం దండెం మీద తడిబట్టలు ఆరెయ్యడానికి ఇంకో విభాగం. ఖాళీ ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోందని ఎవరో ఫిర్యాదు చేస్తే, లోపల మొగుడూ పెళ్లాల గొడవ రికార్డు చేసి వినిపించారు. దాన్ని విని, నిజంగా కాపురం ఉన్నవాళ్లు కొందరు మనమూ ఆ మాత్రం అరవాలేమోనని అరిచారు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మంగ చెయ్యి మంచిది. ఆవిడ వేసిన ముగ్గు చూడ్డానికి జనం ఆగడం మొదలెట్టారు. అద్భుతమైన ముగ్గు కనబడిందంటే అది ఖాళీ ఇల్లే అని మళ్లీ తెలిసిపోసాగింది. మండలి అత్యవసర సమావేశం జరిపి, ఊళ్లో అందరూ, ఖాళీ అయినా కాకపోయినా, మండలి విడుదల చేసిన ఒకే ముగ్గు, ఒకే కొలతలో వెయ్యాలని ఆదేశించింది. కూరలమ్మే పాపాయమ్మ తన గుమ్మంలో పద్మం వేసుకుందని తాఖీదు ఇచ్చారు.

ఇవన్నీ ఒక ఎత్తు, మా ఇంట్లో పరిస్థితి ఒక ఎత్తు. ఊళ్లో ఏ ఇళ్లు ఖాళీగా ఉన్నాయో ప్రతి ఉదయం వాటి ముందు కూర్చుని చూసొచ్చే మనిషి నా పెళ్లాం. ఆ సంగతి వినకూడని మనిషి నేను. మూఢం దగ్గరికొచ్చేస్తోంది. కామరాజు మాస్టారు రోజూ వచ్చి మా గోడలు కొలుచుకుని వెళుతున్నారు.

“ఏవండీ, ఒక్కమాట చెబుతా వినండి. బ్రహ్మాండమైన ఇల్లండీ...”

“మంగా!” నేను చెవుల్లోకి దూది కుక్కుకున్నాను. “నోరెత్తకు! నీకు దణ్ణం పెడతాను. నువ్వు చెబితే నాకు తెలుస్తుంది, తెలిస్తే పరీక్ష పోతుంది, పరీక్ష పోతే కార్డు పోతుంది, కార్డు పోతే ఈ జన్మకి నా నోట్లో మట్టే. కార్డు చేతికి రానీ. లిస్టు తెరిచి, గంటలో నీకు నచ్చిన ఇల్లు తెచ్చిపెడతాను.”

“ఇల్లు కళ్ల ముందు పెట్టుకుని లిస్టంటాడేంటండీ ఈ మనిషి!” అని ఆవిడ గోడతో చెప్పింది. “మూఢం మీ కార్డు కోసం ఆగుద్దా? వంటసామానంతా మూటలు కట్టి కూర్చున్నాను. పప్పు గిన్నె కావాలంటే మూట విప్పాలి, తిన్నాక మూట కట్టాలి. నాకీ బతుకేంటండీ?”

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. అయినా నేను దూది తియ్యలేదు.

చివరికి పరీక్ష తేదీ వచ్చింది. మూఢానికి ముందు పనికొచ్చే ఆఖరి ముహూర్తం కూడా ఆ ఉదయమే.

“రేపు పాలు పొంగించేస్తున్నానండి,” అంది మంగ ముందు రోజు సాయంత్రం, నా దూదిలోంచి వినబడేలా గొంతు పెంచి. “ఇంటావిడతో మాటయిపోయింది. వస్తారా, రారా?”

“అలా ఎలా ఇచ్చేస్తారు? మండలికి తెలిస్తే?”

“ఏం తెలుస్తాది? ఖాళీ ఇంట్లో మనుషులున్నట్టు కనబడాలనే కదా మీ మండలి తాపత్రయం? ముగ్గు నేనే వేస్తన్నా. పాలు వేస్తన్నారు. లైటు వేస్తన్నారు. మనం లోపలుంటే ఇంకా నిజంగా కనబడతాది కదండీ. ఎవడేం కనిపెడతాడు?”

ఆలోచిస్తే మండలి నిబంధనల్ని అంత శ్రద్ధగా పాటించిన మనిషి జిల్లాలో ఇంకొకరు లేరు. కానీ నేను వద్దన్నట్టు చేతులు అడ్డంగా ఊపి, “ఎక్కడో మాత్రం చెప్పకు!” అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “చెప్పనండి,” అంది. “ఒట్టు.”

పరీక్ష మండలి హాల్లో. తేజోమూర్తి గారు మధ్యన. పక్కన ముఖ కవళికల పరిశీలకుడని ఒకాయన, భూతద్దంతో. గోడ మీద బొమ్మలు పడుతున్నాయి.

“ఇది ఎవరి గృహం?”

“తెలీదండి.”

“కనుబొమ్మ లేచింది సార్,” అన్నాడు పరిశీలకుడు. “ఎడమది.”

“ఇది?”

“ఏమోనండి.”

“పెదవి కొనలో చిన్న నవ్వు సార్. ఆ ఇంట్లో ఏదో జరిగింది, ఇతనికి తెలుసు.”

నిజమే, జరిగింది. అది వేరే కథ. బొమ్మ తర్వాత బొమ్మ, నేను తెలీదంటూనే ఉన్నాను, నా మొహం తెలుసంటూనే ఉంది. తేజోమూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“అబ్బులుగారూ, తమరి నోరు ఒకటి చెబుతోంది, మొహం మరొకటి చెబుతోంది. మండలి మొహాన్నే పరిగణిస్తుంది. తమరిలో అజ్ఞానం పైపైనే ఉన్నది, లోతుకు దిగలేదు. విచారిస్తున్నాము.”

ఆయన కలం తీశారు. అప్పుడే నా ఫోను మోగింది. పరీక్షా హాల్లో మాట్లాడే ప్రతి మాటా మండలి వినాలి కనక స్పీకరు పెట్టమన్నారు.

“ఏవండీ, పాలు పొంగాయండి,” అంది మంగ. వెనకాల గంట చప్పుడు. “తూర్పుకే పొంగాయి. పరమాన్నం పెట్టాను. సామానంతా తెచ్చేశాను, మీ లుంగీతో సహా. కామరాజు మాస్టారికి తాళాలిచ్చేశాను. ఇంక ఉంటాను.”

“మంగా! ఎక్కడ?”

“చెప్పొద్దన్నారుగా,” అని పెట్టేసింది.

తేజోమూర్తి గారు కలం ఆపి, నా వైపు వంగారు. “ఆఖరి ప్రశ్న. అబ్బులుగారూ, తమరి ఇల్లు ఎక్కడ?”

నోరు తెరిచాను. కామరాజు మాస్టారి వాటా ఇక నాది కాదు. ఇంకోటుంది. అందులో నా పెళ్లాం ఉంది, నా లుంగీ ఉంది, వేడి వేడి పరమాన్నం ఉంది. ఎక్కడుంది?

“తెలీదండి,” అన్నాను.

పరిశీలకుడు భూతద్దం పెట్టి నా మొహమంతా వెతికాడు. నుదురు చూశాడు, ముక్కు చూశాడు, చెవులు వెనక్కి మడిచి చూశాడు. “ఏమీ లేదు సార్,” అన్నాడు భూతద్దం దించి. “శుభ్రంగా ఏమీ లేదు.”

తేజోమూర్తి గారు లేచి నిలబడ్డారు. “ఇదీ! తెలియకపోవడమంటే ఇదీ!” అని నన్ను కౌగలించుకున్నారు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. మెడలో కార్డు వేశారు. నా కళ్లలోంచి నీళ్లు కారుతుంటే అందరూ ఆనందబాష్పాలనుకున్నారు.

ఆ ఊపులోనే నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి లిస్టు తెరిచారు. తెర మీద ఒకే ఒక్క వాక్యం: ‘ఈ పట్టణమునందు ఖాళీ గృహములు కలవు.’

“ఎక్కడున్నాయండీ?” అన్నాను.

“అది సున్నిత సమాచారం.”

“నన్ను ఆమోదించారు కదండీ?”

“చూడటానికి ఆమోదించాం,” అన్నారు తేజోమూర్తి గారు ప్రేమగా. “తెలుసుకోవడానికి కాదు.”

బయటికొచ్చి మంగకి ఫోను చేశాను. “అమ్మా తల్లీ, ఆకలేస్తోంది. ఇల్లెక్కడో చెప్పవే.”

“కార్డొచ్చిందా?”

“వచ్చింది.”

“అయితే లిస్టులో చూసుకోండి,” అని పెట్టేసింది.

వెతుక్కుంటూ బయల్దేరాను. ఊళ్లో ఏ గుమ్మం చూసినా ఒకే ముగ్గు. ప్రతి మెట్టు మీదా పాలప్యాకెట్టు, ప్రతి దండెం మీదా తడిబట్టలు. ఏ కిటికీ దగ్గర చెవి పెట్టినా మొగుడూ పెళ్లాల గొడవే, ఏది నిజమో ఏది రికార్డో తెలియదు. మనుషుల్ని అడుగుదామంటే నా మెడలో కార్డు చూసి తప్పుకుంటున్నారు. “బాబూ, మాకేం తెలీదు, మా ఇల్లెక్కడో కూడా మాకు తెలీదు” అని పాపాయమ్మ తన గుమ్మంలో నిలబడే ఒట్టేసింది. ఇరవై ముప్పై ఏళ్లుగా నేను ఊళ్లో వాళ్లని ఇళ్లలో చేర్పిస్తూ వచ్చినవాణ్ణి. ఇప్పుడు కార్డు మెళ్లో వేసుకుని, తలుపు తలుపూ కొట్టి, “అమ్మా, మా ఇల్లు ఇదేనాండీ?” అని అడుగుతున్నాను. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఇద్దరు ముగ్గురు తలుపులేసేసరికి ఒళ్లు మండిపోయింది కూడా.

దీపాలు పెట్టేవేళకి చెరువుగట్టు సందులో ఒక తలుపు కొట్టాను. లోపల్నుంచి యాలకుల వాసన వచ్చింది.

“ఎవరండీ?” మంగ గొంతు.

“నేనే!” ప్రాణం లేచొచ్చింది. “మంగా, నేనే, తియ్యి!”

“మెళ్లో కార్డుందా?”

“ఉంది.”

“అయితే ఈ ఇంట్లో ఎవరూ లేరండి. ఇది ఖాళీ ఇల్లు. గొడవ రికార్డు చేసి పెట్టారు, అదే మీకు వినబడతంది.”

నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆ కార్డు కోసం ఊరంతా కూలగొట్టుకున్నాను. అది పోతే ఇంక బ్రోకర్ని కాదు, రేపేం తింటానో తెలియదు. తలుపవతల ఆవిడ నిలబడి ఉంది. గాజుల చప్పుడు కూడా లేదు. తాడు మెడలోంచి తీశాను. కింద మండలి వారి ముగ్గు మీద, నట్టనడుమ పెట్టాను.

“తీసేశాను,” అన్నాను.

తలుపు తెరుచుకుంది. మంగ గిన్నె చేతిలో పెట్టింది. పరమాన్నం చల్లారిపోయింది. నించునే తింటూ చుట్టూ చూశాను. తూర్పు గుమ్మం. వంటింట్లో రెండు కిటికీలు. దొడ్లో నుయ్యి, నూతి పక్కన కరివేపాకు మొక్క, వానొస్తే దక్షిణం గదిలో ఓ మూల కారుతుంది. ఈ ఇంట్లోకి ఎంతమంది చేత కుడికాలు పెట్టించానో!

“ఇల్లు తెలుసా మీకు?” అంది మంగ.

“తెలుసు,” అన్నాను.

ఎన్నాళ్లయిందో ఆ మాట అని. ఇంకోసారి అన్నాను, కాస్త గట్టిగా. ఆ మాట వీధిలోకి పోకుండా మంగ గబగబా వెళ్లి తలుపేసింది.